పాత కామ్రీలో కొత్త స్టీరియో: ఫ్యాక్టరీ ఆంప్ ఉంచేసి చేసిన వైరింగ్

బండి 2005 టయోటా కామ్రీ, జేబీఎల్ సిస్టమ్‌తో వచ్చినది. డాలస్‌లో ఆఫీసుకి వెళ్ళిరావడానికని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇంజన్‌కి ఏ లోటూ లేదు. రేడియోకే బ్లూటూత్ లేదు. కొత్త డబుల్ డిన్ (రెండింతల ఎత్తున్న సైజు) స్టీరియో పెట్టాలి, డోర్లలోని స్పీకర్లూ వాటిని నడిపే ఫ్యాక్టరీ ఆంప్ (బండితోనే వచ్చిన ఆంప్లిఫయర్) మాత్రం ఉన్నచోటే ఉండాలి. ఇదీ ప్లాను.

ఎవరిని అడిగినా ముందు "ఆ ఆంప్ తీసి పారేయ్, స్పీకర్లకి నేరుగా ఇచ్చెయ్" అంటారు. నాకు అది నచ్చలేదు. ఇలాంటి సిస్టమ్‌లలో స్పీకర్లు తరచుగా 2 ఓమ్‌లవి ఉంటాయి. మనం కొనే స్టీరియోలు మామూలుగా 4 నుంచి 8 ఓమ్‌ల స్పీకర్ల కోసం చేసినవి, తక్కువ ఓమ్‌ల స్పీకర్ తగిలిస్తే లోపలి చిప్ వేడెక్కి ప్రొటెక్షన్‌లోకి వెళ్తుంది. పైగా డబ్బా మీద "50 వాట్లు x 4" అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా, నికరంగా వచ్చేది ఛానెల్‌కి 20 వాట్ల చుట్టుపక్కలే. ఉన్న ఆంప్ బాగానే పనిచేస్తున్నప్పుడు దాన్ని పీకడం దేనికి?

శనివారం పొద్దున: విప్పడం

బ్యాటరీ నెగెటివ్ తీసి (10 ఎంఎం స్పానర్), కనీసం 90 సెకన్లు ఆగాలి. ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌లో మిగిలిన చార్జ్ దిగిపోవడానికి టయోటా చెప్పే సమయం అది. డ్యాష్ లోపల పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే చెయ్యి పెట్టకండి, అవి ఎయిర్‌బ్యాగ్‌వి. ప్యానెల్ అంచులకి మాస్కింగ్ టేప్ వేసి, ప్లాస్టిక్ పట్టీతో క్లిప్పులు లేపాను. రేడియో బోల్టులు కూడా 10 ఎంఎం. పాత రేడియో పక్కలకున్న ఇనప బ్రాకెట్లు దాచుకోండి. టయోటా బ్రాకెట్ల రంధ్రాలు చాలా డబుల్ డిన్ స్టీరియోలకి సరిపోతాయి, విడిగా కిట్ కొనక్కర్లేదు. టయోటా ఖాళీ వెడల్పు 200 ఎంఎం, స్టీరియో 180, కాబట్టి రెండు పక్కలా సన్నటి ప్లాస్టిక్ ఫిల్లర్లు కావాలి.

శనివారం మధ్యాహ్నం: మీటరు పని

అసలు పని ఇదే. మిగతాదంతా చేతి పని.

గుంటూరులో మా బావమరిదికి పాత ఇన్నోవా ఉంది. దానిలో ఆంప్ లేదు, రేడియో వెనక ఒక 10 పిన్నుల ప్లగ్, ఒక 6 పిన్నుల ప్లగ్, అంతే. టయోటా మామూలు రంగులు అతనికి కంఠతా వచ్చు: నీలం మీద పసుపు గీత ఎప్పుడూ ఉండే 12 ఓల్టులు, బూడిద రంగు తాళం తిప్పితే వచ్చేది, గోధుమ రంగు గ్రౌండ్, ఆకుపచ్చ డ్యాష్ లైటు. ముందు ఎడమ స్పీకర్ గులాబీ, ఊదా. ముందు కుడి లేత ఆకుపచ్చ, నీలం. వెనక ఎడమ నలుపు, పసుపు. వెనక కుడి ఎరుపు, తెలుపు. ఫోన్‌లో "అంతే బావా, రంగుకి రంగు కలిపెయ్" అన్నాడు. అతని బండికి అది సరిపోతుంది. ఆంప్ ఉన్న బండిలో మాత్రం రంగుల్ని నమ్మకూడదు.

తేడా కనుక్కోవడం తేలిక. బ్యాటరీ ఇంకా ఊడదీసే ఉండగా, స్పీకర్ వైర్లు అనుకుంటున్న జతకి మీటరు ఓమ్‌లలో పెట్టండి. నేరుగా స్పీకర్‌కి వెళ్తుంటే 4 ఓమ్‌ల స్పీకర్ 3 నుంచి 4 మధ్య చూపిస్తుంది. (మీటరు వైర్లకే 0.2, 0.3 ఓమ్‌లు ఉంటాయి. ముందు ప్రోబులు రెండూ కలిపి చూసి, అది తీసెయ్యాలి.) మధ్యలో ఆంప్ ఉంటే వేల ఓమ్‌లు చూపిస్తుంది, లేదా ఏమీ చూపించదు. నా దాంట్లో వేలల్లోనే వచ్చింది. పెన్సిల్ సెల్ తగిలించి స్పీకర్ "టక్" మంటుందో లేదో చూసే పాత పద్ధతి ఇక్కడ వాడొద్దు. ఆ డీసీ ఆంప్ ఇన్‌పుట్‌లోకి వెళ్తుంది.

తర్వాత పాత రేడియోనే తిరిగి తగిలించి, బ్యాటరీ కలిపి, ప్లగ్ వెనకనుంచి సన్నటి పిన్నుతో కొలిచాను. ఏ వైరు ఏ ఛానెలో తెలుసుకోవడానికి బ్యాలెన్స్ పూర్తిగా ఎడమకి, ఫేడర్ పూర్తిగా ముందుకి తిప్పి, పాట పెట్టి, మీటరు ఏసీ మిల్లీఓల్టుల్లో పెట్టాలి. ఏ జత మీద అంకెలు ఎగురుతున్నాయో అదే ముందు ఎడమ. అలా నాలుగు మూలలూ తిప్పి, ప్రతి జతకీ టేప్ మీద పేరు రాసి అంటించాను.

ఆంప్‌ను ఆన్ చేసే వైరు దగ్గర కొంచెం జాగ్రత్త కావాలి. తాళం తిప్పి, రేడియో ఆఫ్‌లో ఉంచితే సున్నా, రేడియో ఆన్ చేస్తే 12 ఓల్టులు చూపించే వైరు వెతకాలి. అలాంటివి రెండు దొరికితే ఒకటి యాంటెన్నాది. సీడీకి మార్చి చూడండి: యాంటెన్నా వైరు పడిపోతుంది, ఆంప్ వైరు 12 మీదే నిలబడుతుంది.

ఆదివారం: కలపడం

వైర్లన్నీ బండిలో తల వంచుకుని కాకుండా వంటింటి బల్ల మీద కలిపాను. ప్లగ్‌కి సరిపడే అడాప్టర్ ఒకటి కొని, స్టీరియో వైర్లని దానికి టంకం వేసి, ష్రింక్ ట్యూబు తొడిగాను. స్టీరియో వైపు పసుపు ఎప్పుడూ ఉండే పవర్, ఎరుపు తాళంతో వచ్చేది, నలుపు గ్రౌండ్, నారింజ మీద తెలుపు గీత డ్యాష్ లైటు. నీలం మీద తెలుపు గీత ఉన్నది ఆంప్‌కి. ఒట్టి నీలం వైరు యాంటెన్నాకి. చాలా స్టీరియోల్లో అది ఎఫ్ఎం పెట్టినప్పుడే పనిచేస్తుంది, ఆంప్‌కి దాన్ని ఇస్తే బ్లూటూత్‌కి మారగానే బండి మూగబోతుంది.

స్టీరియో స్పీకర్ వైర్లు ఎనిమిదీ (తెలుపు, బూడిద, ఆకుపచ్చ, ఊదా, వాటి నల్ల గీతల జతలు) దేనికీ కలపలేదు. ఒక్కొక్కదానికీ విడివిడిగా టోపీ తొడిగాను. ఈ స్టీరియోల్లో స్పీకర్ నెగెటివ్ కూడా గ్రౌండ్ కాదు, అది కూడా నడిచే వైరే. బాడీకి తగిలితే చిప్‌కి ముప్పు.

సిగ్నల్ స్టీరియో వెనకనున్న ఆర్సీఏ ప్రీఔట్‌ల (బయటి ఆంప్ కోసం చిన్న సిగ్నల్ ఇచ్చే గుండ్రటి సాకెట్లు) నుంచి తీసుకున్నాను. పాత ఆర్సీఏ కేబుళ్ళు కోసి, లోపలి తీగ ఆంప్ జతలోని ప్లస్‌కి, పైన అల్లిన తీగ మైనస్‌కి కలిపాను. ఆ మైనస్‌ని బాడీకి వెయ్యకూడదు. ఫ్యాక్టరీ ఆంప్‌లు చాలావరకు రెండు వైర్ల మధ్య తేడానే వింటాయి, రెండిట్లోనూ సమానంగా వచ్చే రొదని పట్టించుకోవు. ఒకదాన్ని తెచ్చి బాడీకి కట్టేస్తే ఆ లాభం పోతుంది.

ఆన్ చేస్తే అన్ని మూలల నుంచీ పాట వచ్చింది. కానీ వాల్యూమ్ 40లో 8 దగ్గరే చెవులు గింగురుమంటున్నాయి, పాట ఆపితే వెనక "స్స్" అని ఒకటే రొద.

తర్వాతి వారాంతం: ఆ "స్స్" సంగతి

ముందు రొద ఎవరిదో తేల్చాలి. ఆర్సీఏలు స్టీరియో నుంచి ఊడదీసి, ఆంప్ ఆన్‌లోనే ఉంచి విన్నాను. దాదాపు నిశ్శబ్దం. అంటే రొద ఆంప్‌ది కాదు. ప్రీఔట్ 2 ఓల్టుల వరకు ఇస్తుంది. ఈ ఆంప్‌కి అంత అక్కర్లేదు, తగ్గించడానికి దాని మీద గెయిన్ బటనూ లేదు. అందుకని స్టీరియోలోని చిన్న రొద కూడా పెద్దదై బయటికొస్తోంది.

మందు రెండు రెసిస్టర్లు. ప్లస్ వైరులో వరసగా 3.3 కిలో ఓమ్‌లు, ఆ తర్వాత ప్లస్, మైనస్‌ల మధ్య 1 కిలో ఓమ్. సిగ్నల్ నాలుగో వంతు కంటే కాస్త తక్కువకి దిగుతుంది, అంటే 12 డీబీ పైచిలుకు. దాంతోపాటే రొద కూడా దిగుతుంది. నాలుగు ఛానెళ్ళకీ కలిపి ఎనిమిది రెసిస్టర్లు, రూపాయల్లో చెప్పుకోవడానికి కూడా సిగ్గేసే ఖర్చు. ఇదే పని చేసే అడ్జస్టబుల్ డబ్బాలు దొరుకుతాయి, టంకం రానివాళ్ళకి అవే మేలు. ఇప్పుడు మామూలుగా వినేది 22, 24 దగ్గర. బాలు గొంతులో "స" అక్షరం గీసుకున్నట్టు వినిపించడం కూడా తగ్గింది, అది కొంత నా భ్రమ కావచ్చు.

ఇంజన్ స్టార్ట్ చేస్తే ఆక్సిలరేటర్‌తో పాటు పెరిగే సన్నటి కూత ఒకటి మిగిలింది. అది ఆల్టర్నేటర్‌ది. స్టీరియో గ్రౌండ్‌ని డ్యాష్ వెనక ఇనప పట్టీకి కాకుండా ఫ్యాక్టరీ గోధుమ రంగు వైరుకి మార్చి, ఆర్సీఏ కేబుళ్ళని పవర్ వైర్ల కట్ట నుంచి దూరంగా జరిపాను. రెండూ ఒకేసారి చేశాను కాబట్టి ఏది పనిచేసిందో అడగొద్దు. కూత పోయింది.

సెట్టింగుల్లో ఒక్క మాట: ఈక్వలైజర్ అంతా సున్నా, లౌడ్‌నెస్ ఆఫ్ పెట్టి మొదలుపెట్టండి. ఫ్యాక్టరీ ఆంప్‌లలో చాలావాటికి ఆ బండి క్యాబిన్‌కి తగ్గట్టు లోపలే బాస్ పెంచి ఉంటుంది, దానిమీద మళ్ళీ పెంచితే డోర్ ప్యానెళ్ళు గిలకొట్టుకుంటాయి.

ఇంకా మిగిలింది స్టీరింగ్ మీద బటన్లు. ఒక్కో బటన్ నొక్కితే ఒక్కో ఓమ్‌ల విలువ వస్తుంది, స్టీరియో వెనకున్న కీ వైర్లకి వాటిని నేర్పించాలి. విలువలన్నీ కొలిచి కాగితం మీద రాసుకున్నాను. వాల్యూమ్ బటన్లు నేర్చుకుంది, మోడ్ బటన్ ఇంకా మొండికేస్తోంది.