గుడ్లు తీశాక కడుపు ఉబ్బితే

నాకు పీసీఓఎస్, అంటే హార్మోన్ల తేడాతో గుడ్డు సరిగ్గా విడుదల కాని సమస్య. మాత్రలు వాడాం, ఐయూఐ (వీర్యాన్ని గర్భసంచిలోకి ఎక్కించడం) చేయించాం, కడుపు నిలవలేదు. చివరికి నెల్లూరులో డాక్టరమ్మ, గుడ్లు బయటికి తీసి ల్యాబులో పిండం చేసే ఐవీఎఫ్‌కి వెళ్దామంది. ఇంజెక్షన్లు మొదలయ్యాక స్కాన్‌లో రెండు వైపులా ఫాలికల్స్ (గుడ్లు పెరిగే తిత్తులు) గుత్తులు గుత్తులుగా కనబడ్డాయి. అత్తమ్మ సంబరపడింది. డాక్టరమ్మ మాత్రం, "ఇన్ని పెరగడం మంచిది కాదమ్మా, కనిపెట్టుకుని ఉండాల" అంది.

గుడ్లు పక్వం కావడానికి ఇచ్చే ట్రిగ్గర్ ఇంజెక్షన్ వేసిన దాదాపు 36 గంటలకి గుడ్లు తీశారు. కావలికి వచ్చేశాం. ఆ వారంలోనే పొట్ట ఉబ్బింది. లంగా బొందు ముడి పడేది కాదు. రెండు ముద్దలకే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. ఒంటేలు కాసింతే, అదీ ముదురు పసుపు. గ్యాసేమోనని అత్తమ్మ వాము కాచి ఇచ్చింది. మా ఆయన నన్ను కాటా ఎక్కించాడు. నిన్నటికీ ఇవాళ్టికీ కిలో పైనే తేడా! ఆసుపత్రికి ఫోన్ చేస్తే వెంటనే బయల్దేరమన్నారు.

దీన్ని ఓహెచ్ఎస్ఎస్ అంటారు, ఇంజెక్షన్లకి అండాశయాలు అతిగా స్పందించడం. అండాశయాలు వాచిపోతాయి. రక్తనాళాల్లోని నీరు బయటికి ఊరి పొట్టలో చేరుతుంది. దాంతో రక్తం చిక్కబడుతుంది, గడ్డలు కట్టే ప్రమాదముంది. అందుకే రక్తం గడ్డకట్టకుండా నాకు పొట్ట మీద ఇంజెక్షన్లు వేశారు. నర్సమ్మ రోజూ పొద్దున్నే బొడ్డు దగ్గర పెన్నుతో గీత గీసి, సరిగ్గా ఆ గీత మీదే టేపు పెట్టి కొలిచేది. ఒంటేలు గీతలున్న ప్లాస్టిక్ జగ్గులో పట్టి రాసుకునేవాళ్లు. స్కాన్ చూస్తూ సూదితో నీళ్లు తీసేశాక గుండెలనిండా గాలి పీల్చుకున్నా. ఆ హాయి చెప్పలేను.

ఆ నెల పిండాన్ని లోపల పెట్టలేదు, అన్నీ ఫ్రీజ్ చేశారు. "ఇంత బాధపడి ఇప్పుడు ఆపేదేంది?" అని అత్తమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. నెల్లూరు రొట్టెల పండక్కి బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో నాకోసం సంతాన రొట్టె పట్టుకొచ్చిన మనిషి ఆమె. డాక్టరమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది: కడుపు నిలిస్తే శరీరంలో గర్భపు హార్మోన్ హెచ్‌సీజీ పెరుగుతుంది, దాంతో ఈ జబ్బు ఇంకా ముదురుతుంది, ఫ్రీజ్ చేసిన పిండాలు ఆగినంత మాత్రాన పాడైపోవు అని. ఆ మాట వినబట్టే ఇవాళ నిబ్బరంగా ఉన్నాను.

నెలసరి వచ్చాక పొట్ట తగ్గింది. ఒంట్లో సత్తువ రావడానికి ఇంకొంత కాలం పట్టింది. తర్వాతే పిండాన్ని లోపల పెట్టే ట్రాన్స్‌ఫర్ చేశారు. ఇప్పుడు నాకు ఐదో నెల.

పీసీఓఎస్ ఉండి ఇంజెక్షన్లు మొదలుపెట్టబోయే అక్కచెల్లెళ్లు ట్రిగ్గర్ ఏది వేస్తారో, ఫాలికల్స్ ఎక్కువైతే ఏం చేస్తారో ముందే అడగండి. ఇంట్లో కాటా, టేపు ఉంచుకోండి. అర్ధరాత్రి ఆయాసం వస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలో, ఆ నంబరు కూడా రాయించుకోండి.