16 బైట్లు, ఒక ఓకే

ఇక్కడ కోడ్ రివ్యూ అంటే నలుగురి ముందే. మొన్న నా పైథాన్ స్క్రిప్ట్‌ని స్క్రీన్ మీద పెట్టి మా సీనియర్ ఒకటే మాటన్నాడు: "ఇది బైట్లని తారుమారు చేస్తోంది, తీసెయ్." మన వైపైతే పక్కకి పిలిచి చెబుతారు. లేదా అసలు చెప్పరు, అది వేరే సంగతి.

ఆయన అనుమానం ఉత్తదేం కాదు. యాక్టివ్ డైరెక్టరీలో, అంటే కంపెనీ యూజర్ల వివరాలు దాచే మైక్రోసాఫ్ట్ వ్యవస్థలో, ప్రతి యూజర్‌కీ ఆబ్జెక్ట్‌జీయూఐడీ అని 16 బైట్ల గుర్తు ఉంటుంది. ఆ వివరాలు వెతికే ఎల్‌డాప్‌సెర్చ్ కమాండ్ దాన్ని పేరు పక్కన రెండు కోలన్లు పెట్టి బేస్64లో, అంటే మామూలు అక్షరాలుగా మార్చి, చూపిస్తుంది. అది విప్పి హెక్స్‌లో (ఒక్కో బైట్‌కి రెండు అంకెల చొప్పున) రాసుకుంటే వచ్చే వరస వేరు, నా స్క్రిప్ట్ చూపించిన వరస వేరు. కానీ విండోస్ టూల్స్ చూపించేది నా వరసే! మొదటి 4 బైట్లు, తర్వాత 2, ఆ తర్వాత 2, వేటికవే తిరగేసి దాస్తారు. చివరి 8 మాత్రం ఉన్నవి ఉన్నట్టే. పైథాన్‌లో ఇలాంటి గుర్తుల్ని చదివే యూయూఐడీకి ఆ విలువని 'బైట్స్' అని కాకుండా 'బైట్స్_ఎల్ఈ' అని ఇస్తే సరిచేసేది అదే.

ఇదంతా చెప్పాను. విన్నాడు. "ఓకే, ఆ లైన్ పైన ఒక కామెంట్ రాయి" అని తర్వాతి ఫైలుకి వెళ్లిపోయాడు. సారీ లేదు, మొహం మాడ్చుకోవడమూ లేదు.

రాత్రి దాకా నాకదే గోల. ఇక్కడ వీళ్లు అనేది కోడ్‌ని, మనిషిని కాదు అంటారు. కావచ్చు. కానీ ఆ కోడ్ మీద పేరు నాదే, వీసా మీద ఉన్నదీ ఆ పేరే. ఆయన మాట తప్పయితే ఒక "ఓకే"తో పోతుంది. నాది తప్పయి ఉంటే అంతే తేలిగ్గా పోయేదా? పోయేదేమో, ఆయన తీరు చూస్తే అలాగే ఉంది. నాకే నమ్మకం కుదరదు.

కామెంట్ మాత్రం గట్టిగానే రాశాను. ఈ గుర్తుతో యూజర్‌ని ఫిల్టర్‌లో వెతికేటప్పుడు స్క్రిప్ట్ సరిచేసిన వరస కాకుండా డైరెక్టరీలో దాచిన వరసే వాడాలని, ప్రతి బైట్ ముందు బ్యాక్‌స్లాష్ పెట్టి రెండు హెక్స్ అంకెలు రాయాలని. లైబ్రరీ అన్నిటినీ బైట్లుగానే ఇస్తుంది కదా అని యూజర్ ఫోటో ఉండే జేపెగ్‌ఫోటోని కూడా పేరూ ఈమెయిలూ లాగా డీకోడ్ చెయ్యబోతే మొదటి బైట్ దగ్గరే ఎర్రర్ వస్తుందని. జేపెగ్ ఎఫ్ఎఫ్‌తో మొదలవుతుంది, అక్షరాల్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో ఆ బైట్ ఎక్కడా రాదు. ఆయన అడిగింది ఒక లైన్ కామెంట్. నాది అర పేజీ అయింది. తగ్గించమని ఎవరూ అనలేదు, నేనూ తగ్గించలేదు.