యంత్రం తీర్పును నలుగురిలో పెట్టడం ఎలా

కంప్యూటర్ లెక్క మనకొచ్చే ప్రభుత్వ సాయం ఆపేసినా, లేని బాకీ కట్టమన్నా మనిషికి మొదట వచ్చే అనుమానం తనమీదే: ఎక్కడో ఫారం తప్పు నింపి ఉంటాను. గుమ్మడికాయ దొంగెవరంటే ఇక్కడ దొంగలు కానివాళ్లే భుజాలు తడుముకుంటారు. నోటీసు ఎవరిది వాళ్లకు విడిగా వస్తుంది, పక్కవాళ్లకూ అదే వచ్చిందని తెలియదు. ఆ సంగతి బయటపడాలంటే కూర్చుని చెప్పుకోవాల్సిందే.

ఆస్ట్రేలియాలో భృతి బాకీలను యంత్రంతో లెక్కగట్టిన ప్రభుత్వ పథకం ‘రోబోడెట్’ ఏం చేసిందో చూడండి. భృతి తీసుకున్నవాళ్ల ఏడాది ఆదాయాన్ని పన్ను శాఖ నుంచి తెచ్చి 26 పక్షాలకు (రెండేసి వారాలకు) సమానంగా పంచేసేది. ఉదాహరణకు ఒకరు సగం ఏడాది పనిచేసి 26,000 డాలర్లు సంపాదించారు, మిగతా సగం పని లేక భృతి తీసుకున్నారు అనుకుందాం. నిజంలో 13 పక్షాలు 2,000 చొప్పున, 13 పక్షాలు సున్నా. యంత్రం లెక్కలో 26 పక్షాలూ 1,000 చొప్పున. అంటే సంపాదిస్తూనే భృతి తిన్నట్టు! కాదని రుజువు చేయడానికి ఏళ్లనాటి జీతం స్లిప్పులు వెతకాల్సింది ఆ మనిషే. వాలంటీర్లు ‘నాట్‌మైడెట్’ (ఇది నా బాకీ కాదు) పేరుతో ఇలాంటి కథలు పోగుచేశారు. కథలే గెలిపించాయనడం అతిశయోక్తి, కేసులు నడిపినవాళ్లు వేరే ఉన్నారు. ఈ తరహా బాకీ చెల్లదని 2019 నవంబరులో కోర్టులో తేలింది. 2020లో సుమారు 4,70,000 బాకీల సొమ్ము తిరిగిస్తామని ప్రభుత్వం ప్రకటించింది.

ఇక నోటీసులు వచ్చినవాళ్లను కూర్చోబెట్టే పద్ధతి. ఎనిమిది నుంచి పన్నెండుమంది, రెండు గంటలు. అంతకు మించితే చివరివాళ్ల వంతుకు అందరూ గడియారం చూస్తుంటారు. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు, మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు. అడిగేవి మూడే: కాగితంలో ఏ మాట రాశారు, ఏ తేదీన వచ్చింది, ఫోన్ చేస్తే ఏం చెప్పారు. ‘వేధించారు’ అంటే జాలి పడతారు. ‘14 రోజుల్లో కట్టమన్నారు, అడిగితే సిస్టమ్‌లో అలాగే ఉందన్నారు’ అంటే నిలదీయడానికి ఒక కొస దొరుకుతుంది. ఒక్కో కథను గోడమీది చార్టులో ఒక్కో వరుసగా, తేదీల క్రమంలో రాయండి. నాలుగైదు వరుసలకే ఒకే మాట, ఒకే గడువు మళ్లీమళ్లీ కనిపించవచ్చు.

ఎక్కువగా చెడేది మొదటి పావుగంటలోనే. సాంకేతికం తెలిసినవాళ్లు లేచి అల్గారిథం (యంత్రం లెక్కగట్టే పద్ధతి) అంటే ఏమిటో పాఠం మొదలుపెడతారు, మిగతావాళ్ల నోళ్లు మూతపడతాయి. ఆ వివరణ చార్టు నిండాకే.

యంత్రం తీర్పుల గురించి మాట్లాడే సమావేశమే నిఘాకు మేత కాకూడదు. వాట్సాప్ గ్రూపు పెడితే వచ్చినవాళ్ల జాబితా, నంబర్లతో సహా, మనమే తయారుచేసి ఇచ్చినట్టు. నోటిమాటగా పిలవండి. ఫోన్లు పక్కగదిలో ఉండాలి. ఆడియో వద్దు, చేతిరాత చాలు. నోటీసు ఫొటో బయటపెట్టాలంటే రిఫరెన్స్ నంబరు, బార్‌కోడ్ కాగితంతో మూసి తీయండి. ఫొటో యాప్‌లో పైన నల్లరంగు పూస్తే, పలచటి పూత కింద అక్షరాలు తేలుతుంటాయి. పేరు మార్చితే చాలనుకోవడం ఇంకో పొరపాటు. వయసు, ఉద్యోగం, తేదీ మూడూ కలిస్తే నోటీసు పంపిన శాఖవాళ్లు మనిషిని ఇట్టే పట్టేస్తారు. రెండింటిని మసకబార్చండి, ‘మార్చి 9’ని ‘ఆ వసంతంలో’ అనండి. అసలు తేదీ చార్టులో ఉంటే చాలు.

అనుమతి రెండుసార్లు తీసుకోవాలి, చెప్పిన రోజున ఒకసారి, వారం తర్వాత మళ్లీ. ఉద్వేగంలో ‘పేరుతో వేసుకోండి’ అన్నవాళ్లు తర్వాత వద్దనడం మామూలే. వద్దంటే కారణం అడక్కుండా ఆ వరుస తీసేయండి.

బహిరంగ సభకు వెళ్లేటప్పుడు డిమాండ్ల దండకం అక్కర్లేదు. ఇంగ్లండ్‌లో 2020 ఆగస్టు 13న వచ్చిన ఏ-లెవెల్ (బడి చివరి పరీక్షల) ఫలితాల్లో టీచర్లు అంచనా వేసిన గ్రేడ్లలో దాదాపు 40 శాతాన్ని అల్గారిథం కిందికి దించింది. బడి పాత ఫలితాలు కూడా ఆ లెక్కలో కలిశాయి. బడిని బట్టి నాకు మార్కులేమిటని విద్యార్థులు వీధిలోకి వచ్చారు. నాలుగు రోజుల్లో ఆ గ్రేడ్లు వెనక్కి పోయాయి. అంత సూటి ప్రశ్న ఒకటి ఎంచుకోండి: ఈ నిర్ణయాన్ని మార్చే అధికారం ఏ మనిషికి ఉంది, ఎన్ని రోజుల్లో? రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే అడిగిన తేదీ, అందుకున్న అధికారి హోదా చార్టులో తర్వాతి వరుస.