రాన్ అలిగిన మూడు వారాలు

హ్యారీ పాటర్ ఏడు పుస్తకాల్లో నీకు బాగా నచ్చింది ఏది అని ఎవరైనా అడిగితే నేను యుద్ధమూ చెప్పను, డ్రాగనూ చెప్పను. నాలుగో పుస్తకంలో రాన్ అలిగి తన ప్రాణ స్నేహితుడు హ్యారీతో మాట్లాడటం మానేసిన రోజులు చెప్తాను. అక్టోబరు 31 రాత్రి, తను వేయకపోయినా, మాంత్రిక బడుల మధ్య జరిగే పోటీకి హ్యారీ పేరు బయటికొస్తుంది, ఇక నవంబరు 24న మొదటి పోటీ అయ్యేదాకా రాన్ ముఖం మాడ్చుకునే తిరుగుతాడు. పైకి చెప్పే కారణం "నాకు చెప్పకుండా పేరు వేశావు" అని. అసలు సంగతి వేరు: ఇంట్లో చూస్తే అన్నల పాత బట్టలు, పాత పుస్తకాలు, బడికొస్తే లోకమంతా పేరు తెలిసిన వాడి పక్కన నిలబడాలి, ఎన్నేళ్ళని ఓర్చుకుంటాడు? ఆ రోజుల్లో వాళ్ళిద్దరి స్నేహితురాలు హెర్మయినీ, పాపం, ఇద్దరి మధ్యా తిరుగుతూనే ఉంటుంది. హ్యారీకి తోడు లేక కాదు. కానీ హెర్మయినీ ఒక్కతే ఉంటే లైబ్రరీ ఎక్కువ, నవ్వులు తక్కువ అని వాడికి తెలిసొస్తుంది చూడండి, అదీ స్నేహం గురించి రాయడమంటే. తర్వాత రాన్ సారీ చెప్పబోతే హ్యారీ వదిలేయమంటాడు, అంతే, అయిపోయింది. ఏడ్చేది మాత్రం హెర్మయినీ.

ప్రాణాలిచ్చే స్నేహం రాయడం పెద్ద కష్టం కాదని నా గట్టి అభిప్రాయం. రాక్షసుణ్ణి ఒకణ్ణి ఎదురుగా నిలబెడితే కథే పిల్లల్ని ముందుకి తోస్తుంది. ఒకరి పెంపుడు పిల్లి గురించీ ఇంకొకరి ఎలుక గురించీ నెలల తరబడి మాటల్లేకుండా పోవడం రాయాలంటే మాత్రం చెయ్యి తిరిగి ఉండాలి. మూడో పుస్తకంలో రాన్‌కీ హెర్మయినీకీ జరిగిన గొడవ అదే కదా, తీరా చూస్తే ఆ ఎలుక చావనూ లేదు, అసలది ఎలుకే కాదు! (అదే పుస్తకంలో హ్యారీకి ఎవరో పంపిన కొత్త ఎగిరే చీపురు సంగతి హెర్మయినీ టీచర్‌కి చెప్పేసిన విషయంలో నేను ఇప్పటికీ ఆ పిల్ల పక్షమే.)

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, మా అక్క కూతురు ఫ్యాన్ ఫిక్షన్ రాస్తుంది, అంటే నచ్చిన పుస్తకాల్లోని పాత్రలతో సొంత కథలు. ఇక్కడే, బెంగళూరు మారతహళ్లిలో ఉంటారు, తొమ్మిదో తరగతి. చదవనిచ్చింది, అదీ వాళ్ళమ్మకి చెప్పనని ఒట్టేయించుకుని. కథలో హ్యారీ, వాడి క్లాస్‌మేట్ నెవిల్ గ్రీన్‌హౌస్‌లో కుండీలకి మట్టి మారుస్తూ ఉంటారు. ఇంకేమీ జరగదు. "ఇంతేనా?" అన్నాను. "ఇంతే పిన్నీ, పుస్తకంలో వాళ్ళకి టైమ్ ఎక్కడిచ్చారు?" అంది.

నిజమే. నెవిల్ జులై 30న పుడితే హ్యారీ 31న. జులై చివర్లో పుట్టే పిల్లాడే దుష్ట మాంత్రికుణ్ణి ఓడించగలడన్న జోస్యం ఇద్దరిలో ఎవరికైనా పట్టేదే. ఆరో పుస్తకంలో రైల్లో నెవిల్ ఎదుటే ఉండగా హ్యారీ ఆ సంగతి తలుచుకుంటాడు, పైకి మాత్రం చెప్పడు. మనలో ఎవరి నుదుటనైనా ఆ మాంత్రికుడు పెట్టిన మచ్చ ఉండేది అని ఇద్దరు పిల్లలు కూర్చుని మాట్లాడుకోవాలంటే ఎవరూ తరమని ఒక మధ్యాహ్నం కావాలి. కథ ఇవ్వకపోతే చదివేవాళ్ళే కల్పించుకుంటారు.

2019లో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో అవార్డు గెలిచిన ఫ్యాన్ ఫిక్షన్ వెబ్‌సైట్ ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్‌లో ఇద్దరి పేర్ల మధ్య ఏటవాలు గీత ఉంటే అది ప్రేమ కథ, 'అండ్' గుర్తు ఉంటే స్నేహం కథ. మా పిల్ల ఎప్పుడూ 'అండ్' వెతుక్కుంటుంది. ఎవరితో ఎవరికి జోడీ కుదురుతుందని కొట్టుకోవడం, ఆ షిప్పింగ్ గోల, దానికి బోర్. వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో ఏడాదికి ఒక ఫ్రెండైనా నాన్న ఉద్యోగం మారిందని సామాన్లు సర్దేసుకుని వెళ్ళిపోతుంది. దానికి ఈ కుండీల కథలే ఎందుకు కావాలో నేను అడగలేదు.

మొన్న ఆదివారం గోంగూర ఆకు తుంచుతూ బాలనాగమ్మ కథ చెప్పాను. మాయల ఫకీరు ప్రాణం సప్త సముద్రాల అవతల చిలకలో ఉండటం దానికి వింతేం కాదు, ఇలాంటివి బోలెడు చదివింది. బాలనాగమ్మ కొడుకు బాలవర్ధిరాజు తల్లిని విడిపించడానికి ఫకీరు ఉండే నాగళ్ళపూడి గట్టుకి బయల్దేరాడనగానే "వాడికి ఫ్రెండ్స్ లేరా?" అని ఆపేసింది. ఆలోచిస్తే నాకు తెలిసిన కథలో ఒక్కడూ లేడు. దారిలో పూలమ్మే ముసలమ్మ మనవడుగా చేరతాడు, అంతే. వాడితో గోలీలాడే వాడు, వాడు బయల్దేరుతుంటే "రేపు వస్తావా" అని అడిగేవాడు, చెప్పకుండా వెళ్ళాడని అలిగేవాడు ఎవరూ లేరు.

"అయితే నేను రాస్తా" అంది. ఆ అలిగేవాడికి పేరు కావాలట. నేను సూరిగాడు అన్నాను. ఓల్డ్ నేమ్ అని కొట్టిపారేసి, ఆర్యన్ అని పెట్టింది. నాగళ్ళపూడి గట్టు కథలో ఆర్యన్ ఏంటే!