చందవరంలో నిధి వేట

నిధి అనగానే మా ప్రకాశం జిల్లా పల్లెల్లో పెద్దవాళ్లకు గడ్డపారలే గుర్తుకొస్తాయి. పాడుబడ్డ దిబ్బ కనిపిస్తే రాత్రికి రాత్రి తవ్వేసేవాళ్లకు కొదవ లేదు మరి. అందుకే పిల్లలను నిధి వేట ఆటకు పాత బౌద్ధ క్షేత్రమైన చందవరం తీసుకెళ్తూ మాస్టారు దొనకొండలోనే షరతు పెట్టారు: "ఒక్క పెంకు కూడా జేబులో పడకూడదు. కంటికి దొరికిందే మీ నిధి."

మొదటి చీటీ గుండ్లకమ్మ ఒడ్డున ఇచ్చారు. 'నల్లమలలో పుట్టాను, కంభం చెరువు నింపాను. నాకు వీపు చూపి ఎత్తుకు నడవండి.' పిల్లలు చిటికెలో విప్పి పరుగందుకున్నారు. అడుగడుగునా సర్కారు తుమ్మ ముళ్లు. పలుచని చెప్పులతో వెళ్లేవాళ్లు ముందే ఆలోచించుకోవాలి. ఎండ సంగతి సరేసరి.

రెండో చీటీ: 'నేను ఇల్లు కాదు, నాకు తలుపు లేదు.' కొండపై మహాస్తూపం, అంటే బౌద్ధుల గుండ్రని ఇటుక కట్టడం, ఎదురుగానే ఉన్నా మా మేనకోడలు ద్వారం కోసం చుట్టూ వెతికింది.

"లోపలికి వెళ్లలేని గుడి ఏమిటి మామయ్యా?"

"దీని చుట్టూ తిరగాలే తప్ప లోపలికి వెళ్లేది ఉండదమ్మా. కుడివైపు ఉంచుకుని నడువు," అన్నారు మాస్టారు, నాకు బదులుగా. శాతవాహనుల కాలపు ఈ స్తూపాన్ని 1964లో పురావస్తు శాస్త్రవేత్త వేలూరి వెంకటకృష్ణశాస్త్రి గుర్తించారు. ఇటుకలు నేటి ఇటుకల కంటే బాగా పెద్దవి. ఒకదాని మీద ఎర్ర చీమల బారు, పగులులోంచి గడ్డిపోచ.

మూడో చీటీయే అసలైనది: 'ఇక్కడివాణ్ణి. సముద్రం దాటి వెళ్లి తిరిగొచ్చాను.' ఎంత వెతికినా జవాబు దొరకలేదు, ఎందుకంటే అది అక్కడ లేదు. బుద్ధుణ్ణి కొలుస్తున్న భక్తులను చెక్కిన సున్నపురాయి పలక అది. ఇక్కడి నుంచి దొంగలపాలై, 2005లో ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల కొనేదాకా వెళ్లింది. ఎప్పుడో దేశం దాటిందని అమ్మకపు కాగితాలు చెప్పాయి. కానీ 1990లలోనూ అది భారత్‌లోనే ఉందని ఫొటోలు చెప్పాయి. 2016లో భారత్‌కు వెనక్కి ఇచ్చేశారు. చీటీలన్నిటిలో నాకు నచ్చింది ఇదే. దొరకనిదాన్ని వెతికించడం మామూలు మాస్టార్లకు తోచదు.

ఇక చివరి పని: నచ్చిన రాతిని ముట్టుకోకుండా బొమ్మ గీయడం. మా అమ్మాయి చెక్కిన పువ్వుకు అందం కోసం రెండు రేకులు ఎక్కువ వేసింది. మాస్టారు చెరిపించి, మళ్లీ లెక్కపెట్టించి, ఆ తర్వాతే వేరుశనగ ఉండ చేతిలో పెట్టారు.