వేలిముద్రకు ముందు

మనుషుల మీద చేసే పరిశోధనలకు అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీ నా దరఖాస్తును మొదటిసారి వెనక్కి పంపింది. భద్రాచలం ఏజెన్సీలో పెళ్లయి ఏడాది దాటినా పిల్లలు కాని కోయ దంపతులు వైద్యం కోసం ఎక్కడెక్కడ తిరుగుతున్నారో తెలుసుకోవడం నా ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) ప్రాజెక్టు. రక్తం తీయను, మందులివ్వను, మాట్లాడతానంతే. అభ్యంతరం ఏముంటుందిలే అనుకున్నాను. కమిటీలో ఒక పెద్దావిడ అడిగారు: "భద్రాచలం అంటున్నావు కదమ్మా, 2009లో అక్కడ ఏం జరిగిందో చదివావా?" ఖమ్మంలో పుట్టి పెరిగి కూడా నేను చదవలేదు.

ఆ రాత్రి కూర్చుని చదివాను. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకాను ఒక అధ్యయనంలో భాగంగా అప్పటి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు వేశారు. హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు వాళ్లలో చాలామంది. కొందరు పిల్లలు చనిపోయాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు కనిపించలేదని విచారణ సంఘం చెప్పింది. అయితే 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో 9,543 సమ్మతి పత్రాల లెక్క ఉంది. 2,763 పత్రాల మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి, 1,948 పత్రాల మీద ఉన్నవి వేలిముద్రలు. టీకా మంచిదే. మంచిదాన్ని తెచ్చినవాళ్లు కూడా ఆ తల్లిదండ్రులను కూర్చోబెట్టి అడగలేకపోయారన్నది నాకు నిద్ర పట్టనివ్వలేదు.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం గిరిజన ప్రాంతంలో అడుగుపెట్టే ముందే అధికారుల అనుమతి ఉండాలి, ఊరి పెద్ద ఒప్పుకున్నా ప్రతి మనిషినీ విడిగా అడగాలి. కాగితాల పనికి రెండు నెలలు పట్టింది. దాని గురించి ఎక్కువ చెప్పను, ఓపిక ఉంటే అవుతుంది.

కష్టమంతా మాటల దగ్గర వచ్చింది. సమ్మతి పత్రంలో నేను 'వంధ్యత్వం' అని రాశాను. నాకు తోడుగా వచ్చిన ఆశా కార్యకర్త చదివి, "ఇది నాకే తెలీదు మేడం" అంది. ఊళ్లో వాడే గొడ్రాలు అన్న మాట నేను పలకలేను. చివరికి 'ఇంకా పిల్లలు కాలేదు' అని మార్చాం. 'పరిశోధన' అన్నదాన్ని ఆవిడ కోయలో చెబితే, విన్నవాళ్లకు పరీక్ష చేస్తారని అర్థమైంది. ఒకామె పరగడుపున వచ్చి చెయ్యి చాపింది, రక్తం తీసుకోమని. వైద్యం మొదలవుతోందనే ఆశతో వచ్చింది. ఆమెకు కాదని చెప్పడం నా జీవితంలో నేను చేసిన కష్టమైన పనుల్లో ఒకటి. ఆ రోజు ఇంటర్వ్యూలన్నీ ఆపేశాం. తర్వాత నుంచి మొదటి మాటే "నేను డాక్టర్ని కాదు, నా దగ్గర మందు లేదు" అని పెట్టుకున్నాం. అన్నీ చెప్పాక, "నేనేం చెప్పానో మీరు ఒకసారి చెప్పండి" అని అడిగేవాళ్లం. వాళ్లు తిరిగి చెప్పగలిగాకే వేలిముద్ర.

ఊరి పటేల్ మంచి మనిషి. "మా ఆడోళ్లంతా చెప్తరు, రాసుకో" అన్నాడు. కానీ ఇంట్లో కూర్చుంటే కోడలి జవాబు అత్త చెప్పేది. అప్పుడు ఇప్పపూల కాలం. ఆడవాళ్లు చీకటితోనే అడవికి వెళ్తారు. మేమూ వెళ్లి, పూలు ఏరుతూనే అడిగాం. అక్కడ నోరు విప్పారు. వడ్డె (కోయ పూజారి) దగ్గర కోడిని కోసిన సంగతి, పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్కానింగులకు మేకలు అమ్మిన సంగతి చెప్పారు. నాతో మాట్లాడిన వాళ్లలో ఒక్కామె భర్త కూడా వీర్య పరీక్ష చేయించుకోలేదు, చేయించుకోమని ఏ డాక్టరూ అనలేదట. నర్సమ్మలు ఇన్నేళ్లుగా కాన్పుల గురించి, ఆపరేషన్ గురించి అడిగారు తప్ప, పిల్లలెందుకు కాలేదని అడిగినవాళ్లు లేరు.

ఒకామె సూటిగా అడిగింది: "నువ్వు రాసుకొని పోతే మాకేమొస్తది?" పత్రంలో 'ప్రత్యక్ష లాభం లేదు' అని నేనే రాసి ఉన్నాను. ఆమె ముఖం చూశాక ఆ లైను చదవలేకపోయాను. జననాంగాల క్షయ వల్ల గర్భనాళాలు మూసుకుపోవచ్చని, దానికి ప్రభుత్వ మందులు ఉచితమని, మొదటి పరీక్షలు భార్యాభర్తలిద్దరికీ జరగాలని ఒక కాగితం మీద బొమ్మలతో వేసి ఆశా అక్కకు ఇచ్చాను. హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో ప్రభుత్వ ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బేబీ) కేంద్రం 2023లో మొదలైన సంగతి కూడా చెప్పాను. 300 కిలోమీటర్లు, ఎన్నోసార్లు తిరగాలి, కూలి పోతుంది. అది వాళ్లే లెక్క కట్టి నాకు చెప్పారు.

రిపోర్టు ఇచ్చే ముందు మళ్లీ వెళ్లి, రాసిందంతా కోయలో చదివించాను. పేర్లు ఎక్కడా లేవు, ఊరి పేరు, వయసు మాత్రం ఉన్నాయి. మేకలు అమ్మినామె విని, కాసేపు ఊరుకుని, "ఈ ఊళ్లో ఇరవై ఎనిమిదేళ్లకి పిల్లల్లేనిది నేనొక్కదాన్నే గదా" అంది. ముప్పై ఇళ్ల ఊరు. ఊరి పేరు, వయసు, మేకలు, మూడూ అక్కడే ఆమె ముందే కొట్టేశాను. ఆమె కాగితం చేతిలోకి తీసుకుని, చదవడం రాకపోయినా, కొట్టేసిన చోట వేలు పెట్టి చూసి తిరిగి ఇచ్చింది.