ఎముక లేని దవడ

మా బడి సఖినేటిపల్లికి దగ్గరలో ఉంది. ఒకరోజు తొమ్మిదో తరగతిలో సొరచేపకు ఎముకలుండవని, అస్థిపంజరమంతా మృదులాస్థేనని చెబుతుంటే వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. వాళ్ళది అంతర్వేది పల్లిపాలెం, తండ్రి సముద్రం మీద వేటకు వెళతాడు. "మన చెవి దొప్పలాంటిదే అయితే గ్రేట్ వైట్ షార్క్ అంత గట్టిగా ఎలా కొరుకుతుంది మాస్టారూ? దవడ వంగిపోదా?" అని అడిగింది.

అప్పటికి ఏదో చెప్పాను గాని ఆ జవాబు నాకే చాలలేదు. ఆరు మీటర్ల దాకా పెరిగే ఆ జీవిని మా పిల్లల ముందుకు తేలేను. కానీ మన రేవుల్లో దిగే పాలసొర దానికి దూరపు చుట్టమే. దాని దవడ తీసి, ఆరబెట్టి, ఫిబ్రవరి 28 సైన్స్ దినోత్సవానికి పిల్లల చేతిలో పెట్టాలని నిశ్చయించుకున్నాను.

జనవరిలో ఒక ఆదివారం తెల్లవారకుండానే పల్లిపాలెం రేవుకు వెళ్ళాను. పాలసొర కావాలనగానే చేపలమ్మే పెద్దావిడ "ఇంట్లో బాలింత ఉందా బాబూ?" అంది. పాఠం కోసమని చెప్పాను. గుట్టంతా వెతికి మూరకు కాస్త పైనున్న సొరను తీసి, తల కొట్టకుండా ఇచ్చింది. "ఐసులో పెట్టుకో బాబూ, లేకపోతే మధ్యాహ్నానికి ఘాటెక్కిపోతుంది" అని హెచ్చరించింది. ఆమె మాటలో రసాయనశాస్త్రం ఉంది. ఉప్పునీటిలో ఒంట్లోని నీరు బయటికి పోకుండా సొరలు రక్తంలో, కండలో యూరియాను నిలవ ఉంచుకుంటాయి. చనిపోయాక బాక్టీరియా దాన్ని అమోనియాగా మారుస్తుంది. ఆ ఘాటు అదే.

ఇంటి పెరట్లో అరటాకు పరిచి మొదలుపెట్టాను. తల నుంచి తోక వైపు నిమిరితే చర్మం నున్నగా ఉంది. ఎదురు నిమిరితే గరుకు కాగితంలా గీరుకుంది. ఆ పొలుసులు పంటి నిర్మాణమే ఉన్న సన్నని ముళ్ళు. ముట్టె మీద సూదితో పొడిచినట్టున్న రంధ్రాలను వేలితో నొక్కితే జిగురు చుక్కలు పైకి వచ్చాయి. 1678లో స్టెఫానో లోరెంజిని అనే ఇటలీ వైద్యుడు వర్ణించిన గ్రాహకాలు అవి. ఎర జంతువు కండరాల్లో పుట్టే అతి స్వల్పమైన విద్యుత్తును సొర వీటితోనే పసిగడుతుంది. గ్రేట్ వైట్ ముట్టె మీదా ఇవే ఉంటాయి. కంటి దగ్గర మాత్రం తేడా ఉంది. పాలసొరకు కంటి మీదికి జారే మూడో రెప్ప ఉంటుంది. గ్రేట్ వైట్‌కు అది లేదు, కాటు వేసే క్షణంలో కనుగుడ్డునే వెనక్కి తిప్పుకుంటుంది.

పేగు కోసి చూసినప్పుడు చాలాసేపు చెయ్యి ఆగిపోయింది. పొట్టిగా, లావుగా ఉన్న ఆ గొట్టంలో పలచని పొర చుట్టలు చుట్టుకొని ఉంది. ఆత్రేయపురం పూతరేకును విప్పుతున్నట్టే విప్పాను. తక్కువ చోటులో ఎక్కువ ఆహారం ఇంకడానికి ఆ ఏర్పాటు. గ్రేట్ వైట్ పేగులో ఇలాంటి చుట్ట కాక, వలయాలు ఒకదాని వెంట ఒకటి దొంతిగా ఉంటాయి.

ఇక దవడ. పై దవడ పుర్రెకు అతుక్కుని ఉండదు కాబట్టి కత్తి మొనతో కొద్దిగా వదులు చేయగానే విడివడింది. గ్రేట్ వైట్ కాటు వేసేటప్పుడు పై దవడ ముందుకు పొడుచుకు రావడం ఇందువల్లే. మాంసం త్వరగా ఊడుతుందని దవడను మరిగే నీళ్ళలో వేశాను. అదే పొరపాటు. పది నిమిషాల్లో పళ్ళను పట్టి ఉంచే పొర కరిగిపోయి, దవడ ముడుచుకుపోయింది. పళ్ళన్నీ గిన్నె అడుగున మిగిలాయి. మనసు కలుక్కుమంది. చేప ప్రాణం పోయింది, పాఠం కాలేదు.

ఆ పళ్ళను పారేయలేదు, సీసాలో దాచాను. 1666లో ఇటలీలోని ఫ్లారెన్స్‌లో నికోలస్ స్టెనో అనే శాస్త్రవేత్త ఒక పెద్ద సొర తలను కోసి చూసి, జనం 'నాలుక రాళ్ళు' అని పిలిచే శిలలు సొర పళ్ళేనని గ్రహించాడు. అస్థిపంజరం మట్టిలో కలిసినా పళ్ళు మిగులుతాయని నా గిన్నె కూడా చెప్పింది.

మూడు వారాల తర్వాత రెండో సొర. ఈసారి గోరువెచ్చని నీళ్ళలో నానబెడుతూ, చిన్న చాకుతో కొంచెం కొంచెంగా గీకుతూ నాలుగు సాయంత్రాలు కూర్చున్నాను. మందుల దుకాణంలో కొన్న హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో కాసేపు ఉంచి, నోరు తెరిచి ఉండేలా థర్మాకోల్ పలక మీద గుండుసూదులతో బిగించి నీడన ఆరబెట్టాను. ఎండలో పెడితే వంకర పోతుంది. పన్నెండో రోజుకు గట్టిపడింది. ముందు వరుస వెనక, లోపలికి వాలి, వంతు కోసం కాచుకున్న పళ్ళ వరుసలు స్పష్టంగా కనిపించాయి. ఇవి పక్కకు వాలిన చిన్న పళ్ళు. గ్రేట్ వైట్ పై దవడ పళ్ళు రంపపు అంచున్న త్రికోణాలు.

ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు మాత్రం దవడ చివర మిగిలిన చిన్న ముక్కలో దొరికింది. సైన్స్ దినోత్సవం నాడు దాన్ని బడి సూక్ష్మదర్శిని కింద పెట్టాను. మెత్తని మృదులాస్థి పైన కాల్షియం గట్టిపడి, చిన్న చిన్న పలకలు పక్కపక్కనే పరుచుకొని ఉన్నాయి. లోపల తేలిక, పైన కవచం. అమ్మాయి కన్ను ఆనించి చూసి, "వల కన్నుల్లా ఉన్నాయి మాస్టారూ" అంది. గ్రేట్ వైట్ దవడ మీద ఈ పలకలు ఒక్క పొర కాదని, కొన్ని పొరలు ఒకదానిపై ఒకటి పేరుకొని ఉంటాయని చెప్పాను.

"అయితే వంగదు" అని, వెనక వరుసలో ఉన్నవాళ్ళకు చోటివ్వకుండా మళ్ళీ కన్ను ఆనించింది.